సినిమా మొదటి రెండు నిమిషాల్లో జనం ఎందుకు ఆగుతారు, ఎందుకు జారిపోతారు?

ప్రశ్న
అడిగినవారు: వశిష్ఠ గట్టు, నరసాపురం

అందరికీ నమస్కారం. అన్నయ్యా నేనూ కలిసి ఇక్కడ చిన్న ఫొటో స్టూడియో నడుపుతున్నాం. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు మా పని. మూఢం రోజుల్లో పని తక్కువగా ఉంటుంది కాబట్టి ఈసారి ఆ టైములో 18 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాను. కథంతా సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం వచ్చే ఆఖరి పంటు (మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించే ఇంజను పడవ) మీదే జరుగుతుంది.

చేపలమ్మే ఆవిడ రోజూ ఎక్కే పంటే ఎక్కుతుంది, రోజూ మోసే గంపే మోస్తుంది. ఆ రాత్రి మాత్రం గంపలో చేపలు ఉండవు. రెండు చీరలు, కూతురి టెన్త్ సర్టిఫికెట్లు, ప్లాస్టిక్ డబ్బాలో దాచుకున్న డబ్బు ఉంటాయి. ఇల్లు వదిలి వెళ్ళిపోతోంది. కూతురు ముందే దాటి వచ్చి నరసాపురం రేవులో ఎదురుచూస్తుంటుంది. పంటు మీద భర్త తరఫు చుట్టాలూ ఉంటారు, ఊరివాళ్ళూ ఉంటారు. నది దాటేలోపు వాళ్ళలో ఎవరైనా పసిగడతారా అన్నదే కథ.

ఇప్పుడున్న ఓపెనింగ్ ఇలా ఉంది. అంతర్వేది దగ్గర నది సముద్రంలో కలిసేచోట తెల్లవారుజామున తీసిన డ్రోన్ షాట్. తర్వాత కొబ్బరితోటలు, కాలవ మీద వంతెన, గుడి గోపురం, వలలు సర్దుతున్న మనుషులు. వెనకాల వేణువు. గోదావరి ఆడపడుచుల కష్టాల గురించి నా గొంతుతోనే నాలుగు మాటలు. దాని తర్వాత టైటిల్. మొత్తం నిమిషం నలభై సెకన్లు.

షాట్లు బాగా వచ్చాయని అందరూ అంటున్నారు. కానీ మా పెద్దమ్మగారింట్లో టీవీకి కలిపి వేస్తే, టైటిల్ పడేలోపే ఒకరు ఫోన్ తీశారు, ఒకరు టీ పెట్టడానికి లేచారు. పంటు మీదకి ఆవిడ ఎక్కాక మాత్రం లేచినవాళ్ళు కూడా నిలబడి చూశారు. కథ పట్టుకుంటోంది, ప్రారంభమే పట్టుకోవడం లేదు. పెద్ద సినిమాలు మొదట్లోనే జనాన్ని కుర్చీలో ఎలా కూర్చోబెడుతున్నాయి? నా దగ్గర ఒక కెమెరా, ఒక డ్రోన్, ఒక మైకు ఉన్నాయి. ఆ పంటువాళ్ళు ఇంకో రాత్రి షూటింగ్‌కి ఒప్పుకున్నారు కాబట్టి మళ్ళీ తీయగలను. ఏం తీయాలో చెప్పండి.


జవాబు 1
ఫ్రేమ్ రేటు, తణుకు

అక్కా, ఇప్పుడు జనానికి ఓపిక లేదు. యూట్యూబ్‌లో యాడ్‌నే అయిదు సెకన్లు అవ్వగానే స్కిప్ కొట్టేస్తున్నారు, మన షార్ట్ ఫిల్మ్ ఎంత? డ్రోన్ షాట్లన్నీ తీసెయ్యండి. భర్త ఆవిడని కొట్టే సీను తీసి మొట్టమొదట పెట్టండి. గట్టి సౌండు, మొహం మీద క్లోజప్, వెంటనే బ్లాక్. ‘ఆరు గంటల తర్వాత’ అని కార్డు వేసి పంటు మీదకి వచ్చెయ్యండి. నేను రీల్స్ చేస్తాను, మొదట్లో దెబ్బో అరుపో ఉంటే బొటనవేలు ఆగుతుంది. ఇది నా అనుభవంతో చెప్తున్న మాట.


జవాబు 2
క్యాబిన్ కిటికీ, పాలకొల్లు

అమ్మా, నేను ఈ చుట్టుపక్కలే ఒక సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశాను. ప్రొజెక్టర్లో వెలుగు కోసం కార్బన్ కడ్డీలు కాల్చే రోజుల్లో చేరాను. తర్వాత జెనాన్ లాంప్ వచ్చింది, ఆ తర్వాత రీళ్ళే పోయి డిజిటల్ వచ్చింది. ఇవన్నీ ఆ క్యాబిన్ కిటికీలోంచే చూశాను. ఒక సినిమా రెండు వారాలు ఆడితే ఆపరేటర్‌కి బొమ్మ కంఠతా వచ్చేస్తుంది. ఇక మిగిలేది జనాన్ని చూడటమే. ఎక్కడ తలకాయలు నిలకడగా ఉన్నాయి, ఎక్కడ కదులుతున్నాయి, ఎక్కడ తలుపు తెరుచుకుని వెలుగు లోపలికి పడింది అన్నది పైనుంచి స్పష్టంగా తెలుస్తుంది. మీకు చెప్పేది అక్కడ చూసిందే.

సినిమా మొదలయ్యేసరికి హాలు ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. ఫస్ట్ షోకి లంకల్లోంచి నావ దాటి వచ్చేవారు, చేలగట్ల మీద సైకిళ్ళ మీద వచ్చేవారు. ఘంటసాల గారి ‘నమో వెంకటేశా’ మైకులో వేశామంటే టికెట్లు ఇస్తున్నారని ఊరికి తెలిసేది. ఆ పాట విని స్నానానికి లేచేవాళ్ళు కూడా ఉండేవారు. ఎందుకంటే ముందు ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళ వార్తల రీలు పడుతుంది, అది అయ్యేలోపు వెళ్తే చాలని వాళ్ళ లెక్క. అంచేత అసలు బొమ్మ మొదలయ్యేసరికి సగం మంది కూర్చుని ఉండేవారు, సగం మంది చీకట్లో వరస వెతుక్కుంటూ ఉండేవారు.

మ్యాట్నీ అయితే మరీ కష్టం. మే నెల ఎండలోంచి లోపలికి వచ్చిన మనిషికి కొన్ని నిమిషాల దాకా ఏమీ కనిపించదు. కన్ను చీకటికి అలవాటు పడటానికి ఆ మాత్రం టైము పడుతుంది. సినిమా గనక రాత్రి సీనుతో మొదలైందంటే నేల క్లాసులో ఒకటే గోల. ‘బొమ్మ కనపడట్లేదు, కార్బన్ సరిచెయ్యవయ్యా’ అని కేకలు. కార్బన్ బాగానే ఉండేది. వాళ్ళ కళ్ళింకా ఎండలోనే ఉండేవి.

ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, మీ సినిమా కూడా రాత్రి నడిచే కథ. చూసేవాళ్ళేమో పగలు, ఎండలో, చేతిలో ఫోన్ పెట్టుకుని చూస్తారు. మా మ్యాట్నీ జనానికీ వాళ్ళకీ తేడా లేదు. కాబట్టి మొదటి షాట్లో వెలుగు ఫ్రేములోనే ఉండేలా చూసుకోండి. పంటు మీద వేలాడే బల్బు, ర్యాంపు ఎక్కుతున్న మోటార్‌సైకిల్ హెడ్‌లైటు, ఏదైనా సరే. కనిపించనిది ఎంత గొప్ప షాటైనా దాని మీద ఎవరూ నిలవరు.

ఇక అసలు విషయం. అంత గోలలోనూ కొన్ని సినిమాలు మొదటి రెండు మూడు నిమిషాల్లోనే నోళ్ళు మూయించేవి. 1964 నాటి ‘మూగమనసులు’ పాత సినిమాగా మళ్ళీ మళ్ళీ వేసేవాళ్ళం. కొత్తగా పెళ్ళయిన జంట పడవలో గోదావరి మీద వెళ్తూ ఉంటుంది. ముందు సుడిగుండం ఉందని పెళ్ళికొడుకు పసిగట్టి పడవవాళ్ళని హెచ్చరిస్తాడు. నది మీద బతికే పడవవాళ్ళ కంటే ముందు ఇతనికెలా తెలిసింది? ఈ ఒక్క ప్రశ్న చాలు. పూర్వజన్మ కథంతా దానికి జవాబే. మా హాలుకి వచ్చేవాళ్ళు పొద్దున లేస్తే గోదావరే చూసే మనుషులు. నది అందం చూపిస్తే వాళ్ళు కదలరు. సుడి అనే మాట వినగానే బెంచీ క్లాసు మొత్తం ముందుకి వంగేది, ఎందుకంటే సుడి అంటే ఏమిటో వాళ్ళకి తెలుసు.

మీ డ్రోన్ షాట్లతో ఇబ్బంది అక్కడే ఉందమ్మా. ఆ నదితో ఆ టైములో ఎవరికీ పని లేదు. ఎవరో ఒక మనిషి దాన్ని దాటాలి, దాటలేకపోతే ఏదో పోతుంది అన్నప్పుడు అదే నది వేరేగా కనిపిస్తుంది. 2015లో ‘బాహుబలి’ మొదటి భాగం ఎలా మొదలైందో గుర్తు చేసుకోండి. అంత ఖర్చు పెట్టిన సినిమా, ముందు కోటలూ సైన్యాలూ చూపించి ఉండొచ్చు. వాళ్ళు చూపించింది వీపులో బాణం దిగిన ఒక ఆడమనిషిని, చేతిలో పసిబిడ్డని. ఆవిడ నీళ్ళలో మునిగిపోతుంది, చెయ్యి ఒక్కటే పైన ఉంటుంది, ఆ చేతిలో బిడ్డ ఉంటాడు. జలపాతం కింద ఊరివాళ్ళు వచ్చి బిడ్డని అందుకుంటే ఆవిడ వేలు కొండ పైకి చూపించి కొట్టుకుపోతుంది. బిడ్డ ఎవరు, కొండ మీద ఏముంది? మాహిష్మతి అనే రాజ్యం పేరు జనానికి తెలియకముందే ఆ కొండ పైకి వెళ్ళాలనే కోరిక పుట్టేసింది. కుర్రాడు పెద్దవాడై అది ఎక్కుతుంటే హాలంతా వాడితోపాటే ఎక్కింది. నీళ్ళపైన ఉన్న ఆ చెయ్యి కనిపించినప్పుడు మా హాల్లో పాప్‌కార్న్ సంచీ చప్పుడు కూడా వినపడలేదు. సెల్‌ఫోన్లు వచ్చాక అలాంటి నిశ్శబ్దం నేను తక్కువ చూశాను.

ఫ్రేమ్ రేటు గారూ, మీ సలహా మీద నాకొక అభ్యంతరం ఉంది. దెబ్బ ముందే చూపిస్తే బొటనవేలు ఆగుతుందన్నది నిజమే. కానీ ఆ దెబ్బతో ఈవిడ ఎందుకు వెళ్ళిపోతోందో కూడా చెప్పేసినట్టే. తర్వాత పంటు మీద ఆవిడ గంప దించుకుని కూర్చుంటే చూసేవాడికి తెలుసుకోవాల్సింది మిగలదు. పైగా దెబ్బతో మొదలైతే జనం ఇంకో దెబ్బ కోసం చూస్తారు. హాల్లో ఇది ఎన్నో సినిమాలకి చూశాను. మొదటి రీల్లో ఫైటు పెట్టి రెండో రీల్లో కుటుంబ కథలోకి వెళ్తే, సీట్లో మనిషి అటూ ఇటూ కదలడం మొదలెడతాడు. కథ బాగోక కాదు, వాడు వేరే దానికి తయారై కూర్చున్నాడు. ప్రారంభం అనేది ఇది ఏ రకం సినిమా అని మాట ఇవ్వడం. మీరు ఇచ్చే మాట నెమ్మదిగా నడిచే, ఊపిరి బిగబట్టే కథ. మొదటి నిమిషం కూడా అలాగే ఉండాలి.

రీళ్ళ రోజుల్లో ఇంకో సంగతి. ఒక్కో రీలు రెండు వేల అడుగులు, ఇంచుమించు ఇరవై నిమిషాలు. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు రీలు తలా తోకా ఎక్కువ నలుగుతాయి. ప్రింటు పెద్ద సెంటర్లన్నీ తిరిగి మా దాకా వచ్చేసరికి మొదటి రీలు మొదట్లో గీతలు పడి, అక్కడక్కడా తెగి అతికించి ఉండేది. దర్శకుడు అంత కష్టపడి తీసిన మొదటి షాటులో సగం చిన్న ఊళ్ళవాళ్ళకి దక్కేదే కాదు. దాని గురించి నాకిప్పటికీ బాధే. డిజిటల్ వచ్చాక ఆ దిగులు లేదు, మొదటి ఫ్రేము నుంచీ అందరికీ ఒకేలా పడుతుంది. మీకు ఆ అదృష్టం ఉంది, ఆ మొదటి ఫ్రేముని గాలికి వదిలెయ్యకండి.

మీ కథలో నాకు కనిపించేది గంప. చేపల గంప పక్కన పంటు మీద ఎవరూ కూర్చోరు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటారు, జరిగి నిలబడతారు. ఆ రోజు ఒక ముసలాయన వచ్చి గంప పక్కనే కూర్చున్నాడనుకోండి, వాసన రావడం లేదని ఆయనకి తెలియదు, మనకి తెలుస్తుంది. సినిమాలో వాసన చూపించలేం, వాసనకి మనుషులు ఏం చేస్తారో చూపించగలం. గంపలో ఏముందో చివరిదాకా దాచండి. అక్కడి నుంచి మొదలుపెడితే డ్రోన్ అక్కర్లేదు.


జవాబు 3
కట్ పాయింట్, భీమవరం (ఇప్పుడు హైదరాబాద్‌లో ఎడిటింగ్ పని)

ఆపరేటర్ గారు చెప్పిన చీకటి సంగతి మా ఎడిటింగ్ రూముల్లో గోడ మీద రాసి పెట్టుకోవాల్సింది. మేము నల్లగా ఉన్న గదిలో, ఖరీదైన మానిటర్ మీద చూసి ‘కనిపిస్తోంది’ అనుకుంటాం.

గంప విషయంలో మాత్రం నేను ఇంకో వైపు నిలబడతాను. మీ కథ ‘గంపలో ఏముంది’ అన్నది కాదు, ‘ఎవరైనా పసిగడతారా’ అన్నది. ఈ రెండూ వేర్వేరు సినిమాలు. సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ బల్ల కింద బాంబు ఉదాహరణ చెప్పేవాడు. బాంబు ఉందని మనకి తెలియకుండా పేలితే ఉలికిపాటు, కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఉందని మనకి ముందే తెలిసి, బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి తెలియకపోతే, వాళ్ళు ఏం మాట్లాడుకున్నా మనకి టెన్షనే. మీ 18 నిమిషాలూ ఆ రెండో రకం టెన్షన్ కావాలంటే, చూసేవాళ్ళకి ముందే తెలియాలి.

1958లో ఆర్సన్ వెల్స్ తీసిన ‘టచ్ ఆఫ్ ఈవిల్’ ప్రారంభం దొరికితే చూడండి. ఎవరివో చేతులు టైంబాంబు తిప్పి ఒక కారు డిక్కీలో పెడతాయి. కారులోకి ఒక జంట ఎక్కుతుంది. అక్కడి నుంచి కట్ లేకుండా మూడు నిమిషాలకు పైగా ఒకే షాట్. కెమెరా క్రేన్ మీద లేచి ఇళ్ళ పైకప్పుల మీదుగా వెళ్ళి మళ్ళీ వీధిలోకి దిగుతుంది. కారు ఆగుతుంది, కదులుతుంది, మేకలు అడ్డం వస్తాయి. ఇంకో జంట నడుచుకుంటూ ఆ కారు పక్కనే వెళ్తుంటుంది. నడుస్తున్నవాళ్ళ మీద మనకి ప్రేమ పుట్టడానికి వాళ్ళు ఏమీ చెయ్యనక్కర్లేదు, ఆ కారు పక్కన ఉంటే చాలు. షాట్ గొప్పదని చాలామంది కెమెరా పనితనాన్ని పొగుడుతారు. డిక్కీలో బాంబు పెట్టిన ఆ మొదటి కొన్ని సెకన్లు తీసేసి చూడండి, మిగిలేది రద్దీ వీధి, అంతే. మీ డ్రోన్ షాట్లు ఇప్పుడు ఆ స్థితిలో ఉన్నాయి.

ఆ షాట్ మీద స్టూడియోవాళ్ళు టైటిల్సూ నేపథ్య సంగీతమూ వేసేశారు. సినిమా తన చేతిలోంచి పోయాక వెల్స్ స్టూడియోకి 58 పేజీల ఉత్తరం రాశాడు. దాని ఆధారంగా 1998లో ఎడిటర్ వాల్టర్ మర్చ్ మళ్ళీ ఎడిట్ చేసినప్పుడు ఆ షాట్ మీద నుంచి అక్షరాలు తీసేశారు. వీధిలో చప్పుళ్ళూ, దాటిపోతున్న ఒక్కో బారులోంచి వచ్చే ఒక్కో సంగీతమూ వినిపించేలా చేశారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, తెర మీద పేర్లు చదవడంలో కన్ను ఎంత పోతుందో అర్థమవుతుంది. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ చూడండి, టైటిల్ ఎక్కడ పడింది? ఇద్దరు హీరోల పరిచయాలు అయ్యి, వంతెన కింద చేతులు కలిసినప్పుడు పడింది. అప్పటిదాకా ఎవరికీ టైటిల్ రాలేదన్న స్పృహే లేదు. ఆ సినిమా మొదలైంది అడవిలో ఒక పాప పాట పాడటంతో. దొరలవాళ్ళు రెండు నాణేలు విసిరితే పాటకి బహుమానం అనుకుంటుంది తల్లి. పాపకే వెల కట్టారని తర్వాత తెలుస్తుంది. ఇద్దరు హీరోలూ రాకముందే ఆ తల్లి పక్షాన మనం చేరిపోయాం.

తణుకు తమ్ముడు చెప్పిన ‘జనానికి ఓపిక లేదు’ అన్నదానికి ఒక మాట. సెర్గియో లియోనే 1968లో తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’ మొదట్లో ముగ్గురు మనుషులు రైలు కోసం ఎదురుచూస్తూ ఉంటారు, చాలాసేపు ఇంకేమీ జరగదు. మాటలు దాదాపు లేవు. గాలిమర కిర్రుమంటుంది. ఒకడి టోపీ మీద నీటి చుక్కలు పడుతుంటాయి. ఇంకొకడి మొహం మీద ఈగ వాలుతుంది. వాళ్ళ దగ్గర తుపాకులున్నాయి, రైల్లో ఎవరో వస్తున్నారు. ఆ రెండూ తెలుసు కాబట్టి ఈగని కూడా చూస్తూ కూర్చుంటాం. వేగం తక్కువైనందుకు ఎవరూ లేచిపోరు. దేనికోసం ఎదురుచూస్తున్నారో తెలియకపోతే లేచిపోతారు. ఇదే నా అభిప్రాయం.


జవాబు 4
పద్యం పంతులు, ద్రాక్షారామం

నేను తెలుగు పంతులుగా రిటైరయ్యాను. సినిమా సాంకేతికం నాకు తెలియదు, నాటకాలు తెలుసు. మా చిన్నప్పుడు తీర్థాల్లో, అంటే ఊరి జాతరల్లో, తెల్లవార్లూ పద్యనాటకాలు ఆడేవారు. ముందు పాత్రధారులంతా వేషాలతో నిలబడి ‘పరాబ్రహ్మ పరమేశ్వర’ ప్రార్థన పాడేవారు. ఇక అల్లరి కట్టిపెట్టి చాపల మీద సర్దుకోండి అని దానర్థం. తర్వాత కొన్నాళ్ళు హాల్లో ఆ పని ‘ఈ నగరానికి ఏమైంది’ అనే పొగాకు వ్యతిరేక ప్రకటన చేసింది. అది ఎంతగా నోళ్ళలో నానిందంటే 2018లో ఒక సినిమాకి ఆ మాటే పేరైంది.

అమ్మాయి గారికి పనికొచ్చేది కూచిపూడి భామాకలాపంలో ఉంది. సత్యభామ ఒక్కసారిగా వచ్చి నిలబడదు. ఇద్దరు తెర పట్టుకుంటారు. ఆ తెర మీదుగా ముందు ఆమె జడ వచ్చి పడుతుంది. అందరూ చూసేది ఆ జడనే, దాని అలంకారాన్నే. మనిషి లోపలే ఉంటుంది, ఆమె రాకని చెప్పే పాట, దరువు, మొదలవుతుంది, ఎంత గర్వం గల మనిషో ఆ జడ వేసిన తీరులోనే తెలిసిపోతుంది. ఆ తర్వాతే తెర తొలగుతుంది. మీ కథలో ఆవిడ మొహం మొదటి షాట్లో చూపించాలా? చేతులతో మొదలుపెట్టి, ఆవిడ తల ఎత్తి నదిని చూసేదాకా మొహం ఆపితే ఎలా ఉంటుందో ఆలోచించండి. చేతులు మనిషి గురించి చాలా చెప్తాయి. చేపలు కోసే చేతులైతే మరీనూ.


అడిగినవారి జవాబు
వశిష్ఠ గట్టు

అందరికీ చాలా థాంక్స్ అండి. నిన్న రాత్రి ఇవి చదివాక నిద్ర పట్టలేదు.

దాచాలా చూపించాలా అన్నదాని మీద అన్నయ్యా నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆపరేటర్ బాబాయ్ గారు వాసన మాట ఎత్తాక ఒకటి తట్టింది. ఆవిడ తెలివైన మనిషి కదా, గంప పక్కన ఎవరూ కూర్చోకూడదని ఆవిడే కోరుకుంటుంది. అందుకని ఇలా అనుకుంటున్నాం. మొదటి షాట్: ఇంటి వెనక నూతి దగ్గర బల్బు కింద రెండు చేతులు. స్కూలు పేరున్న ప్లాస్టిక్ కవరు గంప అడుగున పెడతాయి. దాని మీద చీర మడత. తర్వాత గోనె సంచిని చేపలు కడిగిన నీళ్ళలో ముంచి, పిండి, దాని మీద కప్పుతాయి. పైన గుప్పెడు రొయ్యలు చల్లుతాయి. మొహం ఉండదు, మాటలు ఉండవు. వెంటనే పంటు ర్యాంపు మీద పాదాలు, గంప దింపిన చప్పుడు, చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు మూసుకుని జరగడం. వాళ్ళు జరిగినకొద్దీ మనకి ఊరట. అప్పుడు భర్త మేనత్త ‘రొయ్యలెంతకిస్తావే?’ అంటూ గంప దగ్గరికి వస్తుంది. అక్కడ ఆవిడ మొహం.

ఇలా అయితే ఏదో దాస్తోందని తెలుస్తుంది, ఎందుకో తెలియదు. కట్ పాయింట్ గారు చెప్పినదీ, బాబాయ్ గారు చెప్పినదీ రెండూ ఇందులో ఉన్నాయనిపిస్తోంది. పంతులు గారు చెప్పిన జడ కూడా.

రెండు సందేహాలు. టైటిల్ ఎక్కడ వెయ్యాలి? పంటు ఇంజను చప్పుడు చాలా ఎక్కువ, వేణువు తీసేసి ఆ చప్పుడే ఉంచితే చెవులకి ఇబ్బంది అవుతుందా?


జవాబు 5
క్యాబిన్ కిటికీ, పాలకొల్లు

అమ్మా, గోనె సంచి చేపల నీళ్ళలో ముంచడం నేను అనుకున్నదాని కంటే చాలా బాగుంది. ముసలాయన్ని తీసెయ్యండి, మేనత్తే సరైన మనిషి. ఆవిడ బేరమాడటానికి వంగినప్పుడు హాల్లో ఎవరూ ఊపిరి తీసుకోరు. గుప్పెడు రొయ్యలే ఉన్నాయి, ఆవిడ అరకిలో అడిగితే ఏం చెయ్యాలి? మీ సినిమా అక్కడుంది.

టైటిల్‌కి నాకు తోచింది, మేనత్త ప్రశ్నకి ఈవిడ జవాబు చెప్పేలోపు వెయ్యండి. పంటు రేవు వదిలే క్షణం కూడా అదే అయితే ఇంకా మంచిది. ర్యాంపు లేచిపోయింది, ఇక అవతలి గట్టు దాకా దిగే దారి లేదు. నూతి దగ్గర షాట్ మీద మాత్రం ఒక్క అక్షరం కూడా వెయ్యకండి, కవరు మీద స్కూలు పేరు చదవనివ్వండి. కృతజ్ఞతలూ స్టూడియో పేరూ అన్నీ చివరికి తోసెయ్యండి.

చప్పుడు సంగతి. ఇంజను ఎప్పుడూ ఒకే రకంగా ఉండదు. స్టార్ట్ చేసినప్పుడు ఒకలా, రేవు వదిలేటప్పుడు ఒకలా, నడి గోదావరిలో ఒకలా ఉంటుంది. మూడూ విడివిడిగా రికార్డు చేసుకోండి. నూతి దగ్గర షాట్లో నీళ్ళు పిండిన చప్పుడు దగ్గరగా వినిపించాలి, దాని మీదకి ఇంజను స్టార్టయిన చప్పుడు రావాలి, అప్పుడు కట్. హాల్లో మాట్లాడుకుంటున్న జనం తెర వైపు తల తిప్పేది ఎక్కువసార్లు శబ్దం వల్లే, బొమ్మ తర్వాత. మాటలున్న చోట ఇంజను తగ్గించుకోవచ్చు, ఎవరూ ప్రశ్నించరు. ఆవిడ దాస్తున్న విషయం బయటపడుతుందేమో అనిపించిన చోట మళ్ళీ పెంచండి.

ఎడిట్ అయ్యాక చుట్టాలకి చూపించవద్దు, వాళ్ళు మీ మొహం చూసి బాగుందంటారు. మధ్యాహ్నం పూట రేవులో పంటు కోసం నిలబడినవాళ్ళకి, మీదని చెప్పకుండా ఫోన్లో పెట్టి ఇవ్వండి. బ్రైట్‌నెస్ పెంచవద్దు, వాళ్ళ ఫోన్ అయితే ఇంకా మంచిది. మీరు తెర చూడకండి, వాళ్ళ కళ్ళు చూడండి. ఎవరు ఎక్కడ తల తిప్పారో ఆ నిమిషం, సెకను రాసుకోండి. ఇద్దరు ముగ్గురు ఒకేచోట తల తిప్పితే అక్కడ కత్తెర పెట్టాలి.

కొత్త కట్ లింకు ఇక్కడే పెట్టండి. కట్ పాయింట్ గారు శబ్దం లెవెల్స్ చూస్తారు. నేను మా ఇంటి దగ్గర టీ కొట్టులో చూపించి వాళ్ళేమన్నారో రాస్తాను.